గోలకి గడియ పెట్టండి... పాటకి కాదు!

గిటారు మీటకముందే స్పీకర్లోంచి ఒకటే హోరు. దాన్ని ఆపడానికి ఓ చిన్న పెట్టె ఉంది. పేరు నాయిస్‌ గేట్‌. సరిగ్గా పెట్టుకుంటే కమ్మటి నిశ్శబ్దం. తేడా వచ్చిందంటే మాత్రం పాట తోకే తెగిపోతుంది!

పైడితల్లి అమ్మవారి తొలేళ్ల రాత్రి. సీరియల్‌ లైట్లతో విజయనగరం వెలిగిపోతుంటుంది. ఓ వీధి మలుపులో ఆర్కెస్ట్రా వేదిక. కీబోర్డు సిద్ధం. ప్యాడ్లు సిద్ధం. గాయని మైకు ముందుకొచ్చి గొంతు సవరించుకుంది. గిటారు కుర్రాడు వైరు గుచ్చి పెడల్‌ మీద కాలు వేశాడు. అంతే... ‘గుయ్‌య్‌య్‌’! ఇంకా ఒక్క తీగయినా మీటలేదు. గాయని అతనికేసి చూసింది. అతను మైక్‌సెట్‌ వాళ్లకేసి చూశాడు. వాళ్లేమో జనరేటర్‌కేసి చూశారు.

అమ్మవారి పండగలోనే కాదు, శ్రీకాకుళంలో పెళ్లి రిసెప్షన్‌ అయినా, ఆదివారం చర్చిలో పాటల బృందమైనా... ఎలక్ట్రిక్‌ గిటారు ఉన్నచోట ఈ తంతు మామూలే. పిల్లాడు ముచ్చటపడ్డాడని గిటారు కొనిచ్చిన అమ్మానాన్నలకైతే ఈ చప్పుడు మరీ బాగా తెలుసు. గది తలుపు వేసినా హాల్లోకి వినిపిస్తుంది. ‘కొన్న నెలకే యాంప్లిఫయర్‌ పాడైపోయిందా’ అని కంగారుపడి దుకాణానికి మోసుకెళ్లేవాళ్లూ ఉంటారు. చాలాసార్లు అందులో పాడైందేమీ ఉండదు. ఎలక్ట్రిక్‌ గిటారు పుట్టుకలోనే ఆ హోరు ఉంది.

కరెంటుకీ ఓ శ్రుతి!

మామూలు గిటారుకి బోలుగా ఉండే పొట్ట ఉంటుంది. శబ్దాన్ని పెంచేది అదే. ఎలక్ట్రిక్‌ గిటార్లలో ఎక్కువ వాటికి అది ఉండదు, గట్టి చెక్కే. తీగల కింద పికప్‌ అనే చిన్న పట్టీ ఉంటుంది. దాన్లో అయస్కాంతాలు, వాటి చుట్టూ వెంట్రుకంత సన్నటి రాగితీగ ఏడెనిమిది వేల చుట్లు. పైన ఉక్కుతీగ కదిలినప్పుడల్లా కింద ఆ చుట్టలో కాసింత విద్యుత్తు పుడుతుంది. దాన్నే యాంప్లిఫయర్‌ పెంచి స్పీకర్‌కి అందిస్తుంది.

చిక్కంతా అక్కడే. తీగ కదలిక ఏదో, పక్కనున్న ట్రాన్స్‌ఫార్మర్‌ అయస్కాంత క్షేత్రం ఏదో ఆ రాగిచుట్టకి తేడా తెలీదు. గోడలోని వైర్లు, ట్యూబులైటు చోకు, ఫ్యాన్‌ రెగ్యులేటర్‌, వేదిక మీది డిమ్మర్లు... అన్నీ దానికి ఒక్కటే. ఏరియల్‌లా అన్నిటినీ పట్టేస్తుంది. మన ఇళ్లలోకి వచ్చే కరెంటు సెకనుకి 50 ఆవృత్తులతో ప్రవహిస్తుంది కాబట్టి, హోరు కూడా ఆ 50 దగ్గరా దాని రెట్టింపుల దగ్గరా పలుకుతుంది.

సంగీతం తెలిసినవాళ్లకి ఇక్కడో సరదా లెక్క. 49 హెర్ట్జ్‌ అంటే పాశ్చాత్యుల ‘జి’. మన భాషలో అయిదు శ్రుతి. అంటే మన ఊళ్లలోని కరెంటు హోరు, ఆడవాళ్లు తరచుగా పాడుకునే అయిదు శ్రుతి షడ్జానికి రెండు స్థాయులు కింద, ఓ పిసరు ఎక్కువగా పలుకుతోందన్నమాట! అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్‌. అక్కడి హోరు ఆరున్నరకీ ఏడుకీ మధ్య ఎటూ కాకుండా ఉంటుంది. ఇక్కణ్నుంచి గిటారు పట్టుకుని వెళ్లిన తెలుగు కుర్రాడికి అక్కడ హోరు తప్పదు, శ్రుతి మాత్రం మారుతుంది.

50 దగ్గర పలికేదాన్ని వడకట్టి పారేస్తే పోలేదా అనిపిస్తుంది. పోదు. గిటారులో అన్నిటికన్నా కిందిస్వరం 82 హెర్ట్జ్‌. దానికి కిందదాన్ని కోసేయొచ్చు. కానీ హోరు 100, 150, 200... ఇలా మెట్లు కట్టుకుని పైకి వస్తుంది. ఆ మెట్లన్నీ గిటారు స్వరాల మధ్యలోనే. వాటిని కోస్తే స్వరమూ పోతుంది.

ఈ హోరుకి తోడు ఇంకోటుంది... ‘స్‌స్‌స్‌’ అనే బుస. ఇది బయటినుంచి రాదు. పెడళ్లలోని, యాంప్లిఫయర్లోని ఎలక్ట్రానిక్‌ భాగాల సొంత చప్పుడు. పాత క్యాసెట్లు విన్నవాళ్లకి ఇలాంటి బుసే గుర్తుండే ఉంటుంది.

మామూలుగా మీటుకుంటున్నప్పుడు ఈ రెండూ పెద్దగా ఇబ్బంది పెట్టవు. రాక్‌ పాటల్లో వినిపించే ఆ గరగరలాడే శబ్దం కావాలని డిస్టార్షన్‌ పెడల్‌ నొక్కినప్పుడే అసలు కథ మొదలవుతుంది. ఆ పెడల్‌ చేసే పని చిన్న సంకేతాన్ని వందల రెట్లు పెంచి, పైకి వచ్చిన భాగాన్ని చదునుగా కొట్టేయడం. తీగ శబ్దం ఓ హద్దు దాటి పెరగదు. హోరుకి మాత్రం పెరగడానికి బోలెడు జాగా ఉంటుంది. అందుకే మీటుతున్నంతసేపూ వినిపించని గోల చెయ్యి ఆపగానే ఒక్కసారిగా మీదికొస్తుంది.

దీనికి గిటారులోనే విరుగుడు వెతికారు. గిబ్సన్‌ కంపెనీలో సేథ్‌ లవర్‌ అనే ఇంజినీరు 1955లో రెండు రాగిచుట్టల్ని ఒకదానికొకటి ఎదురుగా కలిపిన పికప్‌కి పేటెంట్‌ కోసం దరఖాస్తు చేశాడు. బయటి హోరు రెండు చుట్టల్లోనూ ఎదురెదురుగా పుట్టి ఒకదాన్నొకటి చంపుకుంటుంది. తీగ శబ్దం మాత్రం నిలుస్తుంది. హమ్‌ని అణిచేది కాబట్టి ‘హంబకర్‌’ అన్నారు. మీ గిటారులో పికప్‌ వెడల్పుగా, రెండు వరసలు పక్కపక్కన ఉన్నట్టుంటే అది చాలావరకు హంబకరే. సన్నగా ఒకే వరస ఉంటే సింగిల్‌ కాయిల్‌. హోరు ఎక్కువ. అయితే ఆ గాజుగిన్నె మీద మీటినట్టుండే శబ్దం కోసం సింగిల్‌ కాయిల్‌నే కోరుకునేవాళ్లకీ కొదవలేదు. పైగా హంబకర్‌ అయినా బుసని ఏమీ చేయలేదు. ఇక మిగిలింది గేటు.

బ్యారేజీ గేటులాంటిదే

వంశధార మీద గొట్టా బ్యారేజీ చూశారా? వరద పెరిగితే గేట్లు లేపుతారు. తగ్గితే దించుతారు. నాయిస్‌ గేట్‌ చేసేదీ అదే. తీగ శబ్దం ఓ మట్టం దాటితే తలుపు తెరుచుకుంటుంది. ఆ మట్టానికి కిందికి దిగితే మూసుకుంటుంది. ఆ మట్టం పేరే ‘థ్రెషోల్డ్‌’.

ఇందులో ఓ సంగతి బాగా గుర్తుపెట్టుకోవాలి. గేటు హోరుని తీసేయదు. మీటుతున్నప్పుడు తలుపు తెరిచే ఉంటుంది కాబట్టి శబ్దంతో పాటు హోరూ వస్తూనే ఉంటుంది, మనకి వినబడదంతే. ఖాళీ సమయంలో మాత్రమే గేటు పనిచేస్తుంది. దుకాణంలో ‘ఇది పెడితే సౌండ్‌ శుభ్రమైపోతుంది’ అని చెబితే సగమే నమ్మండి.

గిటారు వాళ్లకే కాదు, స్టూడియోల్లో డ్రమ్ములకీ ఇదే గేటు. 1981లో వచ్చిన ఫిల్‌ కాలిన్స్‌ ‘ఇన్‌ ది ఎయిర్‌ టునైట్‌’ పాటలో, దెబ్బ పడగానే హాలంతా మోగి అంతలోనే ఎవరో నోరు నొక్కేసినట్టు ఆగిపోయే డ్రమ్ము శబ్దం గేటు పుణ్యమే. ఇంజినీర్‌ హ్యూ ప్యాడమ్‌తో కలిసి చేసిన ఆ ప్రయోగం ఎనభైల నాటి పాప్‌ పాటల్ని ఏలేసింది. గేటు కోతని దాచకుండా అందాన్ని చేయడమంటే అదే. అలాంటివి అరుదు. మిగతాచోట్ల గేటు ఉన్నట్టు తెలియకపోతేనే మర్యాద.

ముందు ఎర్త్‌ పిన్ను... తర్వాతే గేటు

నాబులు తిప్పడానికి ముందు చేయాల్సిన పని ఒకటుంది. సరదాలెక్కలు పక్కనపెట్టి చదవాల్సింది ఇదే.

హోరు కొన్నిసార్లు హెచ్చరిక. ఎర్త్‌ సరిగా లేనప్పుడు వచ్చే చప్పుడూ ‘గుయ్‌’మనే ఉంటుంది. గేటు దాన్నీ మూసేస్తుంది. శబ్దం పోయింది కదా అని మనం సంబరపడతాం. ప్రమాదం మాత్రం అలాగే ఉంటుంది. గిటారు తీగలన్నీ లోపల యాంప్లిఫయర్‌ ఎర్త్‌కే కలిసి ఉంటాయి. ఆ ఎర్త్‌ లేకుండా యాంప్లిఫయర్లో ఎక్కడైనా కరెంటు ఒంటికి తగిలిందంటే అది నేరుగా తీగల్లోకి, అక్కణ్నుంచి చేతుల్లోకి వస్తుంది. ఇంకో చెయ్యి వేరే సాకెట్‌ నుంచి నడుస్తున్న మైకుని పట్టుకుందా... దారి పూర్తయినట్టే.

ఇది భయపెట్టడానికి చెబుతున్నది కాదు. స్టోన్‌ ది క్రోస్‌ అనే స్కాటిష్‌ బృందం గిటారిస్టు లెస్‌ హార్వే 1972 మేలో స్వాన్సీలో ప్రేక్షకుల ఎదుటే, ఎర్త్‌ లేని మైకుని తాకి వేదిక మీదే కుప్పకూలి చనిపోయాడు. యార్డ్‌బర్డ్స్‌ బృందంలో పాడిన కీత్‌ రెల్ఫ్‌ 1976లో సొంత ఇంట్లోనే, సరిగా ఎర్త్‌ లేని గిటారు వాయిస్తూ షాక్‌కి బలయ్యాడు. ఇద్దరూ చేయితిరిగినవాళ్లే.

మన వేదికల దగ్గర కనిపించే ఓ చెడ్డ అలవాటు... హోరు వస్తోందని ప్లగ్గులోని ఎర్త్‌ పిన్ను పీకేయడం. త్రీపిన్‌ ప్లగ్గులో మిగతా రెండిటికన్నా పొడుగ్గా, లావుగా ఉండేది ఎర్త్‌ పిన్ను. అన్నిటికన్నా ముందు అదే సాకెట్లోకి దిగాలని, చివర్న అదే బయటికి రావాలని అలా చేశారు. దాన్ని తీసేస్తే కొన్నిసార్లు హోరు తగ్గే మాట నిజమే. రెండు పరికరాలు వేర్వేరు సాకెట్ల నుంచి నడుస్తున్నప్పుడు వాటి ఎర్త్‌ల మధ్య చుట్టూ తిరిగే కరెంటు వల్ల హోరు పుడుతుంది. పిన్ను తీస్తే ఆ చుట్టు తెగుతుంది. దాంతోపాటు ప్రాణానికున్న కాపలా కూడా తెగుతుంది. చుట్టుని తెంచడానికి డీఐ బాక్స్‌ అనే పెట్టె ఉంది. దాని మీద ‘గ్రౌండ్‌ లిఫ్ట్‌’ అని చిన్న మీట ఉంటుంది. అది సిగ్నల్‌ వైరులో ఎర్త్‌ని విడదీస్తుందే తప్ప కరెంటు ఎర్త్‌ జోలికి పోదు. తెంచితే అక్కడ తెంచాలి.

తీగల మీద చెయ్యి వేయగానే హోరు కాస్త తగ్గితే కంగారు అక్కర్లేదు. మన ఒళ్లే పెద్ద ఏరియల్‌. తీగలు తాకినప్పుడు ఆ ఒళ్లూ ఎర్త్‌కి కలిసి చప్పుడు తగ్గుతుంది. అదే, తీగలు తాకినా మైకు పెదవికి తగిలినా జివ్వుమందా... ఆ క్షణమే ఆపేయాలి. పాట సంగతి తర్వాత. ఎలక్ట్రీషియన్‌ వచ్చి మీటరుతో చూసి సరేననేదాకా మళ్లీ ముట్టుకోకూడదు. ఇంట్లో అయినా, వేదిక దగ్గర అయినా 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ ఉంటే లీకేజీ మొదలైన వెంటనే సరఫరా ఆగిపోతుంది. పిల్లల చేతికి గిటారిచ్చే ఇళ్లలో పెడల్‌ కన్నా ముందు కొనాల్సింది అదీ.

ఇది దాటాక మిగతావి తేలిక. గిటారు, పెడళ్లు, కీబోర్డు, మిక్సర్‌... వీలైతే అన్నిటికీ ఒకే చోటు నుంచి కరెంటు తీసుకోవాలి. సీరియల్‌ లైట్లకి, డిమ్మర్లకి వేరే లైను. యాంప్లిఫయర్‌కి ఎదురుగా కాకుండా కాస్త పక్కకి తిరిగి నిలబడితే సింగిల్‌ కాయిల్‌ హోరు సగానికి సగం పడిపోయే కోణం ఒకటి దొరుకుతుంది. వెతికి చూడండి. వేదిక మీద కొందరు గిటారిస్టులు వింతగా ఓరగా నిలబడేది స్టైల్‌ కోసమే కాదు! ఒకే అడాప్టర్‌ నుంచి నాలుగు పెడళ్లకి కరెంటు పంచినా బుస పెరుగుతుంది. ఇక వైరు జాక్‌ దగ్గర వదులై ఉంటే ఎంత ఖరీదైన గేటయినా దండగే.

నాబులు తిప్పే తీరు

ఇప్పుడు గేటు. విడిగా దొరికే పెడళ్లలో బాస్‌ కంపెనీ ‘ఎన్‌ఎస్‌-2’ 1987 నుంచీ ఉన్న పాతకాపు. ఐఎస్‌పీ కంపెనీ డెసిమేటర్‌కి ఒకటే నాబ్‌. అయితే మన కుర్రాళ్లు వాడే మల్టీ ఎఫెక్ట్స్‌ పెట్టెల్లో చాలావాటిలో ఇది ముందే ఉంటుంది. జూమ్‌ వాటిలో ‘జడ్‌ఎన్‌ఆర్‌’ అని రాసి ఉండేది ఇదే. పేరేదైనా పద్ధతి ఒకటే.

మొదటి సంగతి... వేదిక మీది లైట్లన్నీ వేశాకే గేటు సరిచేయాలి. మధ్యాహ్నం లైట్లు లేనప్పుడు కుదిర్చిన మట్టం రాత్రికి పనికిరాదు. గిటారు వాల్యూమ్‌ పూర్తిగా పెంచి, పాటలో వాడబోయే డిస్టార్షన్‌ ఎంతో అంతా పెట్టండి. థ్రెషోల్డ్‌ నాబ్‌ని సున్నాకి తిప్పండి. తీగల మీద అరచెయ్యి ఆనించి కదలకుండా ఉంచండి. హోరు వినిపిస్తూ ఉంటుంది.

ఇప్పుడు నాబ్‌ని మెల్లగా, గడియారంలో నిమిషాల ముల్లు నడిచినట్టు పెంచుకుంటూ వెళ్లండి. ఒకచోట హోరు టక్కున ఆగుతుంది. ఆ తర్వాత ఓ రవ్వ ముందుకి... అంతే. ఆపేయండి. నూటికి తొంభైమంది ఆగరు. ‘ఎందుకైనా మంచిది’ అని ఇంకో పావు చుట్టు తిప్పేస్తారు. పాటని చంపేది ఆ పావు చుట్టే.

తర్వాత చేతనైనంత మెత్తగా ఓ స్వరం మీటండి. పలికిందా? మింగేసిందా? మింగేస్తే కాస్త వెనక్కి. ఆపైన ఒక్క స్వరాన్ని మీటి వదిలేసి చివరిదాకా వినండి. నాదం సన్నబడి మట్టం దగ్గరికొచ్చేసరికి గేటు తెరవాలో మూయాలో తేల్చుకోలేక ‘టపటపటప’ కొట్టుకుంటే, గాలికి తలుపు కొట్టుకున్నట్టే ఉంటుంది. దానికి మందు ‘డికే’ లేదా ‘రిలీజ్‌’ అనే నాబ్‌. మట్టం దాటాక తలుపు ఎంత నిదానంగా మూయాలో చెప్పేది ఇదే. తీగల్ని అరచేత్తో నొక్కిపట్టి ‘దడదడ’ వాయించే మెటల్‌ పాటలకి సెకనులో ఇరవయ్యో వంతు కన్నా తక్కువ చాలు. మెలోడీ పాటలో సోలో వాయించాలంటే అర సెకను, అంతకన్నా ఎక్కువ కూడా ఉండాలి. కొన్ని పెట్టెల్లో ‘అటాక్‌’ అనేది వేరే ఉంటుంది... తలుపు తెరుచుకునే వేగం. అది నిదానమైతే మీటు మొదటి కొస పోతుంది. ‘రామా’ అన్నది ‘ఆమా’ అని వినబడినట్టు!

అన్ని పెట్టెల్లోనూ ఉండకపోయినా, ఉంటే వదలకూడనిది ‘రేంజ్‌’. తలుపు పూర్తిగా మూయాలా, ఓరగా వేస్తే చాలా అనేది ఇది చెబుతుంది. పది డెసిబెల్స్‌ తగ్గితే చెవికి చప్పుడు దాదాపు సగమైనట్టు అనిపిస్తుంది. నన్నడిగితే పది, పన్నెండు దగ్గర ఓరగా వేయడమే మేలు. పూర్తిగా మూసేస్తే శబ్దానికీ నిశ్శబ్దానికీ మధ్య తేడా మరీ కొట్టొచ్చినట్టుంటుంది. సెల్‌ఫోన్లు తయారుచేసినవాళ్లకి ఈ కిటుకు ఎప్పుడో తెలుసు. అవతలివాళ్లు మాట్లాడనప్పుడు లైను పూర్తిగా మూగబోతే, కాల్‌ కట్టయిందనుకుని ‘హలో... హలో’ అంటాం. అందుకని మాటల మధ్య కావాలనే కాస్త సన్నటి హోరుని కృత్రిమంగా పుట్టిస్తారు. పోగొట్టుకున్న గోలని మళ్లీ కొనితెచ్చుకోవడమన్నమాట.

వరసలో ఎక్కడ?

పెడళ్ల వరసలో గేటు చోటు గురించి గిటారు వాళ్లు గంటలకొద్దీ వాదించుకుంటారు. విషయం అంత పెద్దదేం కాదు. డిస్టార్షన్‌కి ముందు పెడితే గిటారు నుంచి వచ్చే హోరు ఆగుతుంది కానీ, డిస్టార్షన్‌ పెడల్‌ సొంత బుస ఆగదు. తర్వాత పెడితే రెండూ ఆగుతాయి. కానీ అప్పటికే పెద్ద శబ్దం, చిన్న శబ్దం అన్నీ ఒకే ఎత్తుకి వచ్చేసి ఉంటాయి కాబట్టి, ఏది పాటో ఏది గోలో తేల్చుకోవడం గేటుకి కష్టం. ఎన్‌ఎస్‌-2 లాంటి వాటిలో దీనికో ఉపాయం ఉంది. డిస్టార్షన్‌ పెడల్‌ని గేటుకున్న ‘సెండ్‌’, ‘రిటర్న్‌’ జాక్‌ల మధ్య కడతారు. గేటు శుభ్రంగా ఉన్న గిటారు శబ్దాన్ని విని నిర్ణయం తీసుకుంటుంది. తలుపు మాత్రం డిస్టార్షన్‌ తర్వాత వేస్తుంది. రెండు వైర్లు ఎక్కువ కావాలి, అంతకు మించి ఖర్చేమీ లేదు.

ఎకో, రివర్బ్‌ మాత్రం ఎప్పుడూ గేటు తర్వాతే. ముందు పెట్టారంటే ఆ మోత మధ్యలోనే తెగుతుంది.

తోకలోనే ఉంది స్వరం

గేటు పెట్టెలు పుట్టింది పాశ్చాత్య సంగీతం కోసం. అక్కడ స్వరం మొదలవడం ముఖ్యం. మన సంగీతంలో స్వరం మొదలయ్యాకే అసలు పని ఉంటుంది. విజయనగరం జిల్లావాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనసచెక్కని తొలిచి వీణలు చేస్తారు కదా... ఆ వీణ మీద వేలు ఒక్కసారే మీటుతుంది. ఆ తర్వాత మెట్టు మీద తీగని పక్కకి లాగుతూ, మిగిలిన నాదం మీదే రెండు మూడు స్వరాలు పలికిస్తారు. మూడో స్వరం వచ్చేసరికి నాదం మొదట్లో ఉన్నదానిలో ఏ పదో వంతో ఉంటుంది. గమకమంతా ఆ పదో వంతులోనే. ఆ వీణకి కాంటాక్ట్‌ మైకు తగిలించి, మిక్సర్లో దానికి గట్టి గేటు వేశారనుకోండి... మూడో స్వరం గుమ్మం అవతలే నిలబడిపోతుంది.

1919లో విజయరామ గజపతిరాజు విజయనగరంలో సంగీత కళాశాల పెట్టి, ఆదిభట్ల నారాయణదాసుని మొదటి ప్రిన్సిపాల్‌ని చేసినప్పుడు కచేరీల్లో మైకుల గొడవ లేదు. అక్కడే వయొలిన్‌ ఆచార్యుడిగా చేరి, 1936లో ప్రిన్సిపాల్‌ అయిన ద్వారం వెంకటస్వామినాయుడికి చూపు సరిగా లేదు. ఉన్నదంతా వినికిడే. ఘంటసాల, పి.సుశీల చదివింది ఆ కళాశాలలోనే. తీగ సన్నబడే చివరి క్షణం దాకా వినడం అక్కడివాళ్లకి చదువులో భాగం. ఆ చివరి క్షణాన్ని పెట్టె నిర్ణయానికి వదిలేయడం మనకి నప్పదు.

కరెంటు మన సంగీతానికి శత్రువేం కాదు, అదీ చెప్పుకోవాలి. పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్‌ 1978లో గుడివాడలో తొలి కచేరీ చేసేనాటికి తొమ్మిదేళ్లవాడు. మాండొలిన్‌ మామూలుగా ‘టుంగ్‌’మని పలికి ఇట్టే ఆరిపోయే వాద్యం. దానికుండే జంట తీగల్ని ఒంటి తీగలు చేసి, అయిదో తీగ కలిపి, ఎలక్ట్రిక్‌ మాండొలిన్‌ మీద వాయించాడాయన. నాదం ఎక్కువసేపు నిలిస్తేనే కదా గమకం పలికేది! కరెంటుని ఆయన వాడుకున్నది శబ్దం పెంచడానికే కాదు, తోక పొడిగించడానికి. 2014లో 45 ఏళ్లకే కన్నుమూసిన శ్రీనివాస్‌ రికార్డింగుల్లో ఏ విలంబ కీర్తనయినా తీసుకుని, ఒక్కో స్వరం ఎక్కడ ఆగుతోందో కాస్త చెవిపెట్టి వినండి. గేటు థ్రెషోల్డ్‌ ఎంత తక్కువలో ఉండాలో అర్థమవుతుంది.

మన ఆర్కెస్ట్రా గిటారిస్టులు వాయించేదీ ఎక్కువగా సినిమా మెలోడీలే. తీగని లాగడం, జార్చడం, ఒక మీటు మీద నాలుగు స్వరాలు... అన్నీ వీణ పోకడలే. కాబట్టి వాళ్లు రెండు గేట్లు కుదుర్చుకోవడం మంచిది. మల్టీ ఎఫెక్ట్స్‌లో ఒక్కో పాటకి ఒక్కో అమరిక దాచుకోవచ్చు కదా. ఊపున్న పాటకి గట్టి గేటు, వేగంగా మూసుకునేది. మెలోడీకి మెత్తని గేటు, ఓరగా మూసుకునేది. డిస్టార్షన్‌ వాడని పాటకైతే గేటు పూర్తిగా ఆపేయడమే. కాస్త హోరు వచ్చినా జనం పట్టించుకోరు. పక్కనే జనరేటర్‌, పీచుమిఠాయి బండి గంట, బూరల గోల ఉన్నచోట ఆ పాటి హోరు ఓ లెక్కా!

కుదిరిందో లేదో తేల్చుకోవడానికి ఫోన్‌ చాలు. యాంప్లిఫయర్‌కి రెండు గజాల దూరంలో ఫోన్‌ పెట్టి రికార్డింగ్‌ నొక్కండి. పాటలోని ఆఖరి స్వరాన్ని మీటి, వదిలేసి, మనసులో ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టండి. ముందు గేటు లేకుండా, తర్వాత గేటుతో. ఇయర్‌ఫోన్స్‌ పెట్టుకుని రెండూ వినండి. గేటు లేనప్పుడు స్వరం ఏడు అంకెల దాకా వినిపించి, గేటు వేశాక నాలుగుకే ఆగిపోయిందంటే నాబ్‌ని ఇంకాస్త వెనక్కి తిప్పాలి. ఆరున్నర దాకా వచ్చిందంటే వైర్లు చుట్టేసి భోజనానికి వెళ్లొచ్చు.